మైకు నవ్వు

"ఆయన తలుపు గడియ పెట్టుకున్నారా?" అని అడిగింది మాస్టరమ్మ, గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా.

"లేదులే. దగ్గరికి వేసి ఉంది. ఆ మాత్రం నేను చూసుకోలేనా?" అంది అత్తగారు. అంటూనే కొడుకు గదివైపు మరోసారి చూసింది.

స్కూలు యూనిఫాంలు కుట్టే వర్క్‌షాపులో మాస్టరమ్మది గుడ్డ కత్తిరించే పని, కటింగ్ మాస్టరు కాబట్టే ఆ పిలుపు. అక్కడ పొద్దున్నే రేడియో పెట్టుకుని పనిలోకి దిగడం అందరికీ అలవాటు. రేడియోలో వచ్చేది ఆవిడ భర్త గొంతే. ఊరంతా ఆయన్ని 'రేడియో బాబాయి' అంటుంది. ఫోన్ చేసినవాళ్లతో కబుర్లు చెప్పడం, ఆటపట్టించడం, పెద్దగా నవ్వి పాట వేయడం ఆయన ఉద్యోగం.

ఈ పొద్దున ఎవరో ఫోన్ చేసి, "బాబాయ్, మా ఆవిడ వింటోంది, ఒక్కసారి మీ నవ్వు నవ్వండి" అన్నాడు. నవ్వు రాలేదు. మాటా రాలేదు. రేడియో పాడైందేమోనని ఒకమ్మాయి లేచి మీట తిప్పబోయింది. అంతలో ఫోన్లో ఉన్నాయన "బాబాయ్? ఉన్నారా?" అనడం వినిపించింది. రేడియో బాగానే ఉంది. తర్వాత ఎవరో గబగబా పాట వేశారు.

మిషన్ల మీద కాళ్లన్నీ ఆగిపోయాయి. అందరూ తన మొహంకేసే చూస్తుంటే, మాస్టరమ్మ కత్తెర బల్లమీద పడేసి ఇంటికి పరుగెత్తుకొచ్చింది. ఆవిడ వచ్చేసరికే రేడియో స్టేషన్ కారు ఆయన్ని దింపి వెళ్లిపోయింది.

"ఏమైనా అన్నారా?"

"ఉలుకూ పలుకూ లేదు. నీళ్లిస్తే తాగాడు. అన్నం తింటావా అంటే తల ఊపాడు. ఔననో కాదనో నాకే తెలియలేదు." పెద్దావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అంతా ఆ తాగుడు మాన్పించే మాత్రలు చేసిన పనే. నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను."

"మాత్రలేం చేశాయి అత్తయ్యా?"

"ఏం చేశాయా? తాగే రోజుల్లో మనిషన్నవాడు కనిపించేవాడు. ఇప్పుడు మంచం మీద దుప్పటీ ఒకటే, వాడూ ఒకటే."

"తాగే రోజుల్లో బాగున్నారా?"

"బాగున్నాడని నేనన్నానా? నవ్వేవాడంటున్నాను."

"నవ్వి నవ్వి మెట్ల మీంచి దొర్లి చెయ్యి విరగ్గొట్టుకుందెవరు? మిమ్మల్ని బస్సెక్కిస్తానని తీసుకెళ్లి, అక్కడే బెంచీ మీద మర్చిపోయి వచ్చిందెవరు?"

"నన్ను మర్చిపోతే నేను బాధపడాలి. మధ్యలో నీకెందుకు?"

ఇద్దరూ చెరోవైపు తిరిగారు. వంటింట్లో కుళాయి సరిగ్గా కట్టకపోవడంతో చుక్క చుక్క పడుతోంది. కట్టాలని ఇద్దరికీ ఉంది. ఎవరూ కదల్లేదు.

* * *

ఆయన మంచం అంచున బూట్లతోనే కూర్చున్నాడు. స్టేషన్ గుర్తింపు కార్డు ఇంకా మెడలోనే ఉంది. మాస్టరమ్మ కింద కూర్చుని లేసులు విప్పింది.

"ఏమైందండీ?"

"ఏం కాలేదు."

"ఏం కాకపోతే కారిచ్చి పంపిస్తారా?"

"నిజంగా ఏమీ కాలేదు మాస్టరూ. నవ్వమన్నాడు. నవ్వు ఉండే చోట వెతుక్కున్నాను. లేదు." ఆయన గొంతులో బాధ కూడా లేదు, పక్కింటివాళ్ల సంగతి చెబుతున్నట్టుంది. "జ్వరంతో కూడా నవ్వినవాణ్ణి. మా నాన్న చనిపోయిన వారంలో కూడా నవ్వాను. ఇవాళ రాలేదు."

ఇన్నేళ్ల కాపురంలో ఆయనకి రెండు నవ్వులున్నాయని ఆవిడకి తెలుసు. మైకు నవ్వు గుండ్రంగా ఉంటుంది, గొంతు నిండా వస్తుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు సిద్ధం. ఇంటి నవ్వుకి చప్పుడే ఉండదు. భుజాలు కదులుతాయి, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, చివరికి ఆయనకే ఎక్కిళ్లొస్తాయి. మందు మానేసి నెలలయ్యాయి. అప్పట్నుంచీ ఇంటి నవ్వు జాడ లేదు. మైకు నవ్వైనా మిగిలిందనుకుంది. ఇవాళ అదీ పోయింది.

"పాట విన్నా ఏమీ అనిపించట్లేదా?"

"పాట అని తెలుస్తుంది. రాగం తెలుస్తుంది, పాడిందెవరో తెలుస్తుంది. అక్కడితో సరి." మెడలోని కార్డు తీసి పక్కన పెట్టి, "నువ్వొచ్చావని కూడా తెలుస్తుంది" అన్నాడు.

ఆ మాట ఆవిడ గుండెలో ముల్లులా దిగింది. ఆయన కావాలని అనలేదని తెలుసు. అందుకే ఇంకా నొప్పేసింది.

పోయినవారం ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు ఇదే అడిగింది. "మందు మానేశారు కదండీ, బాగవ్వాలి కదా? ఇలా అయిపోతున్నారేమిటి?" అని. చెప్పేటప్పుడు చేతులు తెగ తిప్పే మనిషి ఆ డాక్టరు. చెప్పకుండా దాటేసే రకం కాదు.

"మెదడులో 'ఇది బాగుంది, మళ్లీ కావాలి' అని చెప్పే దారి ఒకటుంటుందమ్మా. 'ఇందులో ఏం లేదు, వెనక్కి రా' అని చెప్పే దారి ఇంకొకటి. రెండూ కావాలి మనకి. రెండోది లేకపోతే కాలిన చెయ్యే మళ్లీ మంటలో పెడతాం. మందు ఏళ్ల తరబడి మొదటిదాని దగ్గర చేరి పెద్దగా అరిచింది. రోజూ అరుపులు వినే చెవి ఏమవుతుంది? మొద్దుబారుతుంది. రెండోది మాత్రం గొంతు పెంచుకుంటూ పోయింది. ఇప్పుడు మందు మానేశారు, అరుపు ఆగింది. మొద్దుబారిన చెవి మాత్రం అలాగే ఉంది. రెండో గొంతూ తగ్గలేదు. ఆయనకి మంచి మాట వినపడదు. 'ఏం లాభం' అన్నది మాత్రం బాగా వినిపిస్తుంది."

"మరి మందు మీదికి మనసు ఎందుకు పోతుందండీ? దాని మీద ఇష్టం లేదంటారు. అయినా ఆ వీధిలోకి వెళితే కాళ్లు అటే లాగుతాయంటారు."

"ఇష్టం వేరు, లాగడం వేరు. ఇష్టం ఎప్పుడో పోయినా లాగడం మిగిలే ఉంటుంది. ఈ జబ్బులో అన్యాయమంతా అక్కడే ఉంది." డాక్టరు ఆయనవైపు తిరిగాడు. "నెలలు పడుతుంది. ఓపిక పట్టాలి. ఈ మాత్రలు వేసుకుంటూ ఒక్క చుక్క తాగినా ప్రమాదం. ఇంకొక్కటి, సూటిగా అడుగుతున్నాను. చచ్చిపోతే బాగుండునని ఎప్పుడైనా అనిపిస్తోందా?"

"అబ్బే!" అని నవ్వాడాయన. గుండ్రంగా, గొంతు నిండా నవ్వాడు. "నేను పోతే పొద్దున్నే ఈ ఊరిని నిద్ర లేపేదెవరండీ?"

డాక్టరు నవ్వలేదు. "అనిపిస్తే ఏ వేళైనా సరే, చెప్పాపెట్టకుండా వచ్చేయండి" అన్నాడు.

* * *

స్టేషన్ డైరెక్టరు ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమన్నాడు, పొద్దుటి కార్యక్రమం ఒక కొత్తమ్మాయి చూసుకుంటుందన్నాడు. "అలాగేనండి" అన్నాడాయన. రెండు దశాబ్దాల ఉద్యోగం చేజారుతున్నా ఆయన మొహంలో గీత కూడా మారలేదు.

మాస్టరమ్మ ఆస్పత్రికి ఫోన్ చేస్తే డాక్టరు ఆ రోజు ఖాళీ లేడన్నారు. మర్నాడు పొద్దున్నే రమ్మన్నారు.

వర్క్‌షాపులో బల్లమీద పరిచిన గుడ్డ పరిచినట్టే ఉంది. అది కత్తిరించి ఇస్తే గానీ కుట్టేవాళ్లకి పని ఉండదు. మాస్టరమ్మ వెళ్లనా వద్దా అని గుమ్మంలో తచ్చాడుతుంటే అత్తగారే అంది.

"వెళ్లిరా అమ్మాయ్. నేనున్నాగా."

"ఒంటరిగా వదలకండి అత్తయ్యా."

"కన్నదాన్ని నేను. నాకు చెప్తావా?"

మాస్టరమ్మ తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వీధి మలుపులోనే కాళ్లు ఆగిపోయాయి. తమ ఇంట్లోంచి నవ్వు వినిపిస్తోంది.

పరుగులాంటి నడకతో లోపలికి వెళ్లింది. భోజనాల బల్ల దగ్గర తల్లీకొడుకులు ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ఆయన కొత్తలో జరిగిన సంగతేదో చెబుతున్నాడు. వాతావరణ సూచన చదవాల్సిన కాగితం మీద ఎవరో పచారీ సామాన్ల చిట్టా పెట్టి వెళ్లారట. ఈయన చూసుకోకుండా "నేడు ఉత్తరాన కిలో కందిపప్పు" అని చదివేశాడట.

"అరగంటలో ఫోన్ మోగింది మాస్టరూ! 'దక్షిణాన ఏం కురుస్తుంది సార్, మాకు బియ్యం కావాలి' అని!"

అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. మాస్టరమ్మకి ప్రాణం లేచొచ్చినట్టయింది. కుర్చీలో కూలబడింది. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే తనూ నవ్వింది. డాక్టరు నెలలన్నాడు, ఇంత త్వరగానే దారి తెరుచుకుందా అనుకుంది. ఆ నవ్వు ఏ నవ్వో గమనించే స్థితిలో లేదప్పుడు. అన్నాళ్లుగా కరువైపోయి, ఏది దొరికినా చాలనిపించింది.

ఎండన పడి నడిచొచ్చింది. దాహంగా ఉంది. ఆయన ముందున్న స్టీలు గ్లాసులో నిమ్మరసం సగం మిగిలి ఉంటే ఎత్తి గటగటా తాగబోయింది.

మొదటి గుక్కకే నాలుక మండింది.

గ్లాసు మెల్లగా బల్లమీద పెట్టింది. నవ్వులు ఆగిపోయాయి.

"ఎవరు పోశారు?"

అత్తగారు నోట్లోంచి కొంగు తీసేసింది.

"ఏమండీ, ఎవరు పోశారు ఇందులో?"

"నేనే తెచ్చుకున్నాను" అన్నాడాయన, కళ్లెత్తకుండా. "దాచుకున్నది ఉంటే పోసుకున్నాను. అమ్మకి తెలియదు."

అది నమ్మితే ఆ పూట గొడవ అక్కడితో తెగిపోయేది. పెద్దావిడ మాత్రం కుర్చీలోంచి లేచింది.

"వాడు కాదు. నేను పోశాను."

"అత్తయ్యా!"

"అరవకు. నిన్న సాయంత్రం నేనే వెళ్లి తెచ్చాను. ఈ వయసులో ఆ కొట్టు ముందు నిలబడ్డాను. మొహం కప్పుకుని వెళ్తే లోపలివాడు ఏం కావాలి బామ్మా అన్నాడు. పేరు కూడా తెలియదు నాకు. ఆ ఎర్రటిది ఇవ్వమన్నాను. వరసలో ఉన్న తాగుబోతులందరూ పక్కకి జరిగి దారిచ్చారు, సిగ్గుతో చచ్చిపోయాను." ఆవిడ కొడుకువైపు చెయ్యి చూపించింది. "కడుపున పుట్టినవాడు కళ్లముందే ఎండిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా? ఒక్క చెంచా పోశాను. అంతే."

"ఇది చెంచాడా? మాత్రలతో కలిస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు!"

"డాక్టరు చెప్తే వాడు నవ్వాడా? నేను పోస్తే నవ్వాడు! నువ్వు వినలేదా? నువ్వూ నవ్వలేదా ఇందాక?"

మాస్టరమ్మ చూపు గ్లాసు మీదికి పోయింది. నవ్వింది మరి. ఆ గ్లాసు నోటికి తగలకపోతే ఇంకా నవ్వుతూనే ఉండేది. ఎన్నోసార్లు, పైకి అనకపోయినా, మునుపటి మనిషి ఒక్క గంట తిరిగొస్తే చాలని తనూ కోరుకుంది. ఆ కోరికకి చేతులొస్తే అత్తగారిలాగే ఉంటుందేమో అనిపించి భయమేసింది.

"అమ్మా" అన్నాడాయన. "మొదటి గుక్కలోనే నాకు తెలిసింది."

ఇద్దరూ ఆయనవైపు తిరిగారు.

"తెలిసీ తాగావా నాన్నా?"

"చెయ్యి ఆగలేదు. నీ కోడలు అడిగిందిగా డాక్టర్ని, అటే లాగుతుందేమని. లాగింది." గ్లాసుకేసి చూస్తూ అన్నాడు. "తాగాను. ఏమీ లేదమ్మా అందులో."

"ఏమీ లేకపోవడమేమిటి? అంతసేపూ పగలబడి నవ్వావుగా!"

"నీ మొహం చూశాను. నేను గ్లాసెత్తుతుంటే పరీక్షలో మార్కుల కోసం చూసినట్టు చూస్తున్నావు. నవ్వక ఏం చేయను? పొద్దున ఎవరికోసమో రాలేదు, నీకోసం ఎక్కడినుంచో లాక్కొచ్చాను."

అది మైకు నవ్వు. మాస్టరమ్మ చెవులకి అప్పుడు తెలిసింది. గుండ్రంగా, గొంతు నిండా ఉంది. భుజాలు కదలలేదు. ఎక్కిళ్లు రాలేదు.

పెద్దావిడ కుర్చీ కోసం తడుముకుని కూర్చుంది.

"మానేసిన దగ్గర్నుంచీ ఒక్క ధైర్యం ఉండేది నాకు" అన్నాడాయన, ఎవరితోనూ కాకుండా గ్లాసుతో మాట్లాడుతున్నట్టు. "ఏదీ కుదరకపోతే అదొకటి ఉందిలే అనుకునేవాణ్ణి. ఆ తలుపు మూసి ఉన్నా, వెనక గది ఉందిలే అని. ఇవాళ అమ్మ తలుపు తీసింది. వెనక గది లేదు."

మాస్టరమ్మకి కోపం ఎటు పోయిందో పోయింది. కుర్చీ ఆయన పక్కకి లాక్కుని కూర్చుంది. అడగడానికి మాటలు వెతుక్కోలేదు. డాక్టరు అడిగినట్టే అడిగింది.

"చచ్చిపోవాలనిపిస్తోందా?"

"అమ్మాయ్! అలాంటి మాటలు నోటి వెంట..." అంది అత్తగారు.

"ఉండండి అత్తయ్యా. చెప్పండి. నాతో నవ్వొద్దు."

ఆయన నవ్వలేదు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆయన పెదవులు కదిలి ఆగాయి, మళ్లీ కదిలాయి.

"ఆ రోజు డాక్టరుకి అబద్ధం చెప్పాను."

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది.

"పొద్దున వరకూ ఆగొద్దు మాస్టరూ" అన్నాడు. "ఇప్పుడే తీసుకెళ్లు."

* * *

ఆటోలో ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టారు. బయల్దేరేటప్పుడు అత్తగార్ని ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. మాస్టరమ్మ తలుపుకి తాళం వేస్తుంటే ఆవిడే చెప్పులేసుకుని వచ్చి ఎక్కింది. "ఏం పోశానో, ఎంత పోశానో నేనే చెప్పాలిగా" అంది.

చెప్పకుండా వెళ్లినా డాక్టరు లోపలికి పిలిచాడు. పెద్దావిడ నిలబడే అంతా చెప్పింది. సీసా సంచిలోంచి తీసి బల్లమీద పెట్టింది. తిడతాడనుకుంది కాబోలు, తల వంచుకుంది. డాక్టరు తిట్టలేదు. "చెప్పి మంచిపని చేశారమ్మా" అని రోగి నాడి చూశాడు, రక్తపోటు చూశాడు, కళ్లలోకి టార్చి వేశాడు. "ఇవాళ ఇక్కడే ఉంచుకుంటాను. ఒంటరిగా వదలం" అన్నాడు.

రోగి సరేనన్నట్టు తల ఊపాడు. అది ఔననే అని ఈసారి అందరికీ అర్థమైంది.

డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"నెమ్మదిగా ఆలోచించి చెప్పండి. ఏదీ బాగోదు, దేనిమీదా ఆశ లేదు, ఇలా మొదటిసారి ఎప్పుడు అనిపించింది? మందు మానేశాకేనా?"

ఔనంటాడని మాస్టరమ్మ ఎదురుచూసింది. ఆయన జవాబివ్వకుండా తల్లివైపు చూశాడు.

పెద్దావిడ కొంగు అంచుని వేళ్లకి చుట్టుకుంటోంది. ఆ వేళ్లు ఆగిపోయాయి.

"చెప్పనా అమ్మా?"

ఆవిడ కొంగు వదిలేసింది.

"మానేశాక కాదండీ" అన్నాడాయన. "అసలు తాగడం మొదలుపెట్టకముందే. కాలేజీలో చేరిన ఏడు. మంచం దిగలేదు. పుస్తకం ముట్టలేదు. ఎండాకాలమంతా గోడవైపు తిరిగి పడుకున్నాను. ఊళ్లోవాళ్లకి కామెర్లని చెప్పారు ఇంట్లో."

మాస్టరమ్మకి ఒక్కసారి ఏమీ అర్థం కాలేదు. ఇన్నేళ్లలో ఆ ఎండాకాలం గురించి ఆ ఇంట్లో ఒక్కరూ ఒక్క మాట చెప్పలేదు. కామెర్ల సంగతి మాత్రం పెళ్లిచూపుల్లోనే విన్నది.

"మరి దాన్నుంచి ఎలా బయటపడ్డారు?" అన్నాడు డాక్టరు.

కొడుకు చెప్పడానికి నోరు తెరిచి, తల్లి మొహం చూసి ఊరుకున్నాడు.

"నేను చెప్తాను" అంది పెద్దావిడ.

మాటలు డాక్టరుకే చెబుతోంది గానీ చూపు మాత్రం కోడలి మీదినుంచి కదలడం లేదు.

"ఎదురింటావిడ చెప్పింది, కాస్త బ్రాందీ పాలల్లో కలిపి పట్టు, నిద్ర పడుతుంది, ఆకలేస్తుంది అని. వీళ్ల నాన్న బీరువాలో సీసా ఉండేది. మూడోనాడో నాలుగోనాడో..." ఆవిడ కోడలి చెయ్యి అందుకుంది. "లేచి కూర్చున్నాడమ్మా. నన్ను చూసి నవ్వాడు. భుజాలు కదిలేలా నవ్వాడు."